దణ్ణం పెట్టని అర్జీ

మా నాన్న అర్జీలు రాసేవారు. టెక్కలి తాలూకా ఆఫీసు ఎదుట చింతచెట్టు కింద ఒక చాప, ఒక చెక్కపెట్టె, పెట్టె మీద సిరాబుడ్డి, పాళీ కలం. అంతే ఆయన కచేరీ. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం కారేజీ పట్టుకెళ్లడం నా పని. ఆయన తిని చెయ్యి కడుక్కునేదాకా అక్కడే కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు పొలం గట్టు దగ్గర మొదలుపెట్టి అన్నదమ్ముల తగవు, చచ్చిపోయిన ఎద్దు, అల్లుడి తాగుడు అన్నీ చెప్పుకొనేవారు. నాన్న మధ్యలో ఆపేవారు కాదు, కలం ముట్టుకునేవారూ కాదు. అంతా విన్నాక, "అయితే నాయనా, నీకు కావలసింది ఆ ముప్పై సెంట్లకు పట్టా. అంతేనా?" అని అడిగేవారు. ఎదుటి మనిషి కాసేపు ఆలోచించి, "అంతే పంతులుగారూ" అనేవాడు. అప్పుడు రాసేవారు.

నాలుగే వాక్యాలు. ఆ నాలుగింటికీ పైన "మహారాజశ్రీ తహసీల్దారుగారి దివ్య సముఖమునకు" అని, కింద "ఇప్పించవలసినదిగా ప్రార్థన. తమ విధేయుడు" అని ఉండాల్సిందే. ఆ రెండూ లేని కాగితం గుమస్తా బల్ల దాటి లోపలికి వెళ్లదు. ముప్పై సెంట్ల కోసం వచ్చిన మనిషి ఆఫీసు మెట్ల దగ్గర ఒకసారి, కాగితం మీద రెండుసార్లు దణ్ణం పెట్టాలన్నమాట.

జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. దక్షిణాఫ్రికా గురించి పిల్లలకు చెప్పేటప్పుడు గాంధీగారిని రైలు నుంచి తోసేసిన కథ, మండేలాగారి 27 ఏళ్ల జైలు చెప్పి ముగించేదాన్ని. ఆ రెంటికీ మధ్యన ఒక కాగితం ఉందని, ఆ దేశం ఇవాళ నిలబడింది దాని మీదేనని నాకు సరిగా తెలిసింది రిటైరయ్యాకే. మా అబ్బాయి జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తుంటే 2018లో మూడు నెలలు వాడి దగ్గర ఉన్నాను. వెళ్లిన రెండో వారంలో సొవెటోలోని క్లిప్‌టౌన్‌కు తీసుకెళ్లాడు. అక్కడ ఆ కాగితాన్ని రాతి మీద చదువుతుంటే నాకు మా నాన్న చింతచెట్టు గుర్తుకొచ్చింది. ఈ వ్యాసం అప్పటినుంచీ నా మనసులో ఉంది.

ఆ కాగితం పేరు ఫ్రీడమ్ చార్టర్. తెలుగులో స్వేచ్ఛాపత్రం అనుకోవచ్చు. 1955 జూన్ 26న క్లిప్‌టౌన్‌లో ఒక మట్టి మైదానంలో వేలమంది చేతులెత్తి ఆమోదించారు. అది ఎందుకంత గొప్పదో తెలియాలంటే ముందు దానికి వెనకున్న అర్జీల చరిత్ర తెలియాలి.

దక్షిణాఫ్రికాలో తెల్లవారు కానివాళ్లు అప్పటికి అరవై ఏళ్లుగా అర్జీలే పెడుతున్నారు. 1894లో నేటాల్‌లోని భారతీయుల ఓటు తీసేయబోతుంటే గాంధీగారు రాసి పంపిన మహజరు మీద 10,000 సంతకాలు ఉన్నాయి. అప్పటికి ఆయన పాతికేళ్లు నిండని లాయరు. నల్లవారి సంగతీ అంతే. 1913లో వచ్చిన భూమి చట్టం దేశ జనాభాలో అత్యధికులైన నల్లవారికి దాదాపు 7 శాతం నేల మిగిల్చింది. 1936లో దాన్ని 13 శాతం వరకు పెంచారు. ఆ చట్టం వద్దని మొరపెట్టుకోవడానికి 1914లో జాన్ దూబే, సోల్ ప్లాట్యే వంటి పెద్దలు ఓడెక్కి లండన్ వెళ్లారు. రాజుగారికి అర్జీ. వాళ్లంతా చదువుకున్నవాళ్లు, పద్ధతి తెలిసినవాళ్లు. పైన రాయాల్సిన మాటా కింద రాయాల్సిన మాటా ఏదీ తప్పకుండానే రాసుంటారు. వట్టి చేతులతో తిరిగొచ్చారు.

1948లో నేషనల్ పార్టీ గెలిచి జాతి విభజననే ప్రభుత్వ విధానంగా చేసుకుంది. ఎవరు ఏ వీధిలో ఉండాలో, ఎవరిని పెళ్లి చేసుకోవాలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో చట్టాలొచ్చాయి. 1952లో ఆ చట్టాలను కావాలని మీరి 8,000 మందికి పైగా జైలుకు వెళ్లారు. ఆ మరుసటి ఏడు, 1953 ఆగస్టులో, క్రేడాక్ అనే ఊళ్లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఏఎన్‌సీ) కేప్ ప్రాంత మహాసభలో జడ్.కె. మాథ్యూస్ అనే ప్రొఫెసర్ ఒక మాట అన్నారు: ఈ దేశంలో ఉన్న అన్ని రంగుల మనుషులనూ ఒకచోట కూర్చోబెట్టి, రేపటి దేశం ఎలా ఉండాలో వాళ్లనే అడిగి, ఒక పత్రం రాద్దాం. ఎవరికీ పంపడానికి కాదు. మనం మనకోసం రాసుకుందాం.

ఇక్కడ నేను కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ పత్రం బలమంతా ఇక్కడే ఉంది. ఉద్యమాల ప్రణాళికలు సాధారణంగా నలుగురు చదువుకున్నవాళ్లు గదిలో కూర్చుని రాస్తారు. జనం చప్పట్లు కొడతారు. ఇక్కడ ముందు జనాన్ని అడిగారు. ఏఎన్‌సీ, భారతీయుల కాంగ్రెస్, మిశ్రమ జాతీయుల సంఘం, ఉద్యమంతో నిలిచిన తెల్లవారి సంఘం, కార్మిక సంఘాల సమాఖ్య అన్నీ కలిశాయి. 50,000 మంది వాలంటీర్లు కావాలని ఏఎన్‌సీ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలి పిలుపిచ్చారు. వాళ్లు గనుల దగ్గరికి, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరికి, పల్లెలకు, బస్తీలకు వెళ్లి ఒకటే అడిగారు: చట్టం చేసే అధికారం నీకే ఉంటే ఏం చేస్తావు?

జవాబులు దొరికిన కాగితం మీదల్లా రాసిచ్చారు. నోటుబుక్కుల్లోంచి చించిన పేజీలు, చేతులు తుడుచుకునే కాగితాలు, వాలంటీర్లు పంచిన కరపత్రాల వెనకవైపులు. పాసుపుస్తకం, అంటే నల్లవారు ఎక్కడికెళ్లినా వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రం, లేకుండా రోడ్డు మీద నడవాలన్నారు. మా పిల్లలకూ చదువు కావాలన్నారు. దున్నుకోవడానికి భూమి కావాలన్నారు. వేలకొద్దీ చీటీలు పోగయ్యాయి.

ఆ చీటీల కుప్ప ముందు కూర్చుని ముసాయిదా రాసినవాడు లయొనెల్ బెర్న్‌స్టైన్. అందరూ రస్టీ అనేవారు. వాస్తుశిల్పి, తెల్లవాడు, కమ్యూనిస్టు. ఆయన చేసింది మా నాన్న చేసిన పనేననిపిస్తుంది నాకు. గట్టు తగవూ ఎద్దు చావూ అల్లుడి తాగుడూ అంతా విని, "అయితే నీకు కావలసింది ఇదేనా?" అని తేల్చడం. వేల గోడుల్లోంచి 10 అంశాలు తేలాయి. తేడా ఒకటే. నాన్న పైనా కిందా రాసే మాటలు ఇందులో లేవు. సముఖమునకు అని లేదు, ప్రార్థన అని లేదు. "ఇప్పించవలసినదిగా ప్రార్థన" అనే చోట "ఇవ్వవలెను" అని ఉంది. ఇంకా చెప్పాలంటే "ఉంటుంది" అని ఉంది. జనమే పాలిస్తారు. చట్టం ముందు అందరూ సమానం. దున్నేవాళ్లకు భూమి పంచుతారు. చదువు తలుపులు తెరుచుకుంటాయి. ఇళ్లుంటాయి, పనులుంటాయి, పొరుగు దేశాలతో శాంతి ఉంటుంది. వీటన్నిటికంటే ముందు, పీఠికలోనే, ఈ దేశం ఇందులో బతికే అందరిదీ, నల్లవారిదీ తెల్లవారిదీ కూడా అని తేల్చి చెప్పారు.

1955 జూన్ 25, 26 తేదీల్లో క్లిప్‌టౌన్‌కు దాదాపు మూడు వేల మంది ప్రతినిధులు చేరారు. అందులో భారతీయులు 320 మంది. దారిలో పోలీసులు చాలా బస్సులనూ లారీలనూ ఆపేసి వెనక్కి పంపారు. లేకపోతే ఇంకా ఎక్కువమంది ఉండేవారు. లుతూలి మీద సభలకు వెళ్లకూడదని ప్రభుత్వ నిషేధం, రాలేదు. భారతీయ నాయకుడు డాక్టర్ యూసుఫ్ దాదూ మీద నిషేధం, రాలేదు. ఆయనకు ప్రకటించిన బిరుదును వాళ్లమ్మగారు వచ్చి తీసుకున్నారు. మండేలా, వాల్టర్ సిసులు మీదా నిషేధమే కాబట్టి గుంపు అంచున నిలబడి చూశారు. ఒక్కో అంశం చదవడం, దాని గురించి మాట్లాడటం, జనం "ఆఫ్రికా!" అని కేకేసి ఆమోదించడం. రెండో రోజు మధ్యాహ్నం దాటాక, చివరి అంశాలు నడుస్తుండగా, స్టెన్‌గన్లతో పోలీసులు మైదానాన్ని చుట్టుముట్టారు. వేదికెక్కి దేశద్రోహం జరుగుతోందని అనుమానం ఉందన్నారు. ఒక్కొక్కరి పేరూ రాసుకున్నారు, కాగితాలన్నీ పట్టుకెళ్లారు. జనం పాడుతూ నిలబడ్డారు. మిగిలిన అంశాలు కూడా చదివించి, ఆమోదించి, అప్పుడు ఇళ్లకు కదిలారు.

పోలీసులు పట్టుకెళ్లిన వాటిలో వంటల దగ్గర పెట్టిన రెండు అట్టలున్నాయి. ఒకదాని మీద "మాంసంతో సూప్", ఇంకోదాని మీద "మాంసం లేని సూప్". శాకాహారులైన ప్రతినిధులు ఇబ్బంది పడకుండా ఎవరో శ్రద్ధగా రాసిపెట్టి ఉంటారు. తర్వాత దేశద్రోహం కేసులో ఆ రెండు అట్టలను కూడా సాక్ష్యంగా కోర్టులో పెట్టారని మండేలా తన ఆత్మకథలో రాసుకున్నారు. నాకు ఆ అట్టలంటే గొప్ప గౌరవం. వేర్వేరు తిండి తినేవాళ్లు ఒకే మైదానంలో కూర్చోగలరని చార్టర్‌లో రాయకముందే వంటల దగ్గర చేసి చూపించారు. 1949 జనవరిలో ఇదే దేశంలో, డర్బన్‌లో, నల్లవారూ భారతీయులూ కొట్టుకుని వందమందికి పైగా చనిపోయారు. ఏడేళ్లు తిరక్కుండా ఒకే మైదానంలో కూర్చున్నారు.

1956 డిసెంబరు 5 తెల్లవారకముందే తలుపులు తట్టి అరెస్టులు చేశారు. మొత్తం 156 మంది మీద దేశద్రోహం కేసు. 105 మంది నల్లవారు, 23 మంది తెల్లవారు, 21 మంది భారతీయులు, ఏడుగురు మిశ్రమ జాతీయులు. చార్టర్ కమ్యూనిస్టు రాజ్యం కోసం వేసిన పథకమని, దాన్ని అమలు చేయాలంటే ప్రభుత్వాన్ని బలవంతంగా కూల్చక తప్పదని ప్రాసిక్యూషన్ వాదన. ఖనిజ సంపద, బ్యాంకులు, గుత్త పరిశ్రమలు ప్రజలందరి సొత్తు కావాలని చార్టర్‌లో ఉన్న మాట నిజం. అయితే అది సోషలిస్టు రాజ్యానికి నమూనా కాదని మండేలా 1956లోనే 'లిబరేషన్' పత్రికలో రాశారు. కేసు నాలుగేళ్లకు పైగా సాగింది. 1961 మార్చి 29న చివరికి మిగిలిన 30 మందినీ నిర్దోషులని వదిలేశారు. ప్రభుత్వం ఒక కాగితాన్ని నాలుగేళ్లు కోర్టులో నిలబెట్టి ఓడిపోయింది.

లోపలి నుంచి కూడా ఎదురుదెబ్బ తగిలింది. దాన్ని దాచి చార్టర్‌ను పొగడటం న్యాయం కాదు. ఈ నేలను మా దగ్గర నుంచి లాక్కున్నారు, లాక్కున్నవాడితో కలిపి "అందరిదీ" అంటే ఎలా అని ఏఎన్‌సీలోని రాబర్ట్ సొబుక్వే వర్గం అడిగింది. 1958లో వాళ్లు విడిపోయారు. 1959 ఏప్రిల్‌లో పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ పెట్టారు. సొబుక్వే చిన్నమనిషి కాదు, ఆయన ప్రశ్నా చిన్నది కాదు. ఇంటి యజమానినీ ఇల్లు ఆక్రమించినవాణ్నీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టడం అందరికీ మింగుడుపడదు. అయినా నా మాట చెప్తాను: చార్టర్ రాసినవాళ్లదే సరైన దారి. వాళ్లు ఆ వాక్యం రాయకపోయి ఉంటే 1994లో, జాతి విభజన ముగిసే వేళ, ఆ దేశం ఓటుపెట్టె దగ్గరికి కాక శ్మశానానికి వెళ్లేది. కానీ ఆ వాక్యానికి జతగా రాసిన భూమి మాట నెరవేరకపోతే సొబుక్వే ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఇప్పుడు లేస్తున్నది కూడా అదే.

1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పుల్లో 69 మంది చనిపోయారు. ఏఎన్‌సీని నిషేధించారు. నాయకులు కొందరు రాబెన్ దీవి జైలుకు, కొందరు పరాయి దేశాలకు. తర్వాతి ఇరవై ఏళ్లూ దేశం లోపల ఈ పత్రం నోటి మాటగా, మడతపెట్టి దాచుకున్న కాగితంగా బతికింది. 1983 ఆగస్టులో కేప్‌టౌన్ దగ్గర జాతి విభజనను ఎదిరించే సంఘాల కూటమి యునైటెడ్ డెమొక్రటిక్ ఫ్రంట్ పుట్టాక అది మళ్లీ వీధిలోకి వచ్చింది. చార్టర్‌ను నమ్మేవాళ్లను "చార్టరిస్టులు" అని పిలిచేదాకా వెళ్లింది. ఒక కాగితం పేరు మనుషుల పేరైంది.

ఇప్పుడు మన సంగతి ఒకటి చెప్పాలి.

1860లో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి మొదటి ఒప్పంద కూలీలను నేటాల్ చెరకు తోటలకు చేర్చింది. 1911 వరకూ అలా 1,52,000 మందికి పైగా వెళ్లారు. వాళ్లలో మా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. మా వైపు పల్లెల్లో "నేటాలు పోయాడు" అంటే ఇక రాడని అర్థం ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. ఆ పోయినవాళ్ల మనవలూ మునిమనవలూ డర్బన్‌లో 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. వాళ్లను చూడాలని డర్బన్ వెళ్లాను.

చాట్స్‌వర్త్ అనే పేటలో ఒక పెద్దావిడ ఇంట్లో రెండు గంటలు కూర్చున్నాను. అప్పటికి ఆవిడకు ఎనభై దాటాయి. తెలుగు పదం పదం వెతుక్కుని మాట్లాడారు. మధ్యలో ఇంగ్లిష్ దొర్లేది. "మీది ఏ ఊరమ్మా?" అని మాత్రం తడుముకోకుండా అడిగారు. వాళ్ల కుటుంబం మొదట కేటో మేనర్‌లో ఉండేది. కూరగాయలు పండించి డర్బన్ బజారులో అమ్మేవారు. 1955లో వాలంటీర్లు వాళ్ల గుమ్మంలోకి కూడా వచ్చారట. ఏం కావాలని అడిగితే వాళ్లమ్మ అన్న మాట ఆవిడ నాకు చెప్పారు.

"ఈ ఇల్లు ఇలా ఉండనిస్తే చాలు. అంతే అన్నాది మా అమ్మ. అది రాసుకుని పోయినారు."

ఉండనివ్వలేదు. ఏ జాతి ఏ పేటలో ఉండాలో నిర్ణయించే చట్టం కింద కేటో మేనర్‌ను తెల్లవారికి కేటాయించి, అరవయ్యో దశకంలో భారతీయులను అక్కడి నుంచి తరిమి ఈ చాట్స్‌వర్త్‌లో వరస ఇళ్లలోకి తోశారు. ఆవిడ పెరట్లో ఒక మామిడిచెట్టు ఉండేదట. దాని గురించి చెప్పేటప్పుడు ఆవిడకు తెలుగు మాటలు చకచకా దొరికాయి. కొమ్మ, పూత, పిందె, ఊరగాయ. జాతి విభజన పాలన పోయాక, 1913 తర్వాత లాక్కున్న భూములకు పరిహారం ఇచ్చే చట్టం 1994లో చేశారు. వీళ్లు దరఖాస్తు పెట్టుకుంటే కొంత డబ్బిచ్చారు. "డబ్బు వచ్చినాది. పోయి చూస్తే అక్కడ రోడ్డు ఉన్నాది" అన్నారు.

తిరిగొచ్చాక ఆ దేశ రాజ్యాంగం తీసి చదివాను. 1996 డిసెంబరు 10న షార్ప్‌విల్‌లో, ఆ 69 మంది రక్తం చిందిన ఊళ్లోనే, మండేలా దాని మీద సంతకం పెట్టారు. పీఠికలో చార్టర్ మొదటి మాట ఉంది, ఈ దేశం ఇందులో బతికే అందరిదీ అని. ఇంకొంచెం ముందుకు వెళ్తే ఆరో సెక్షన్, భాషల గురించి. అధికార భాషలు కాకపోయినా దేశంలో జనం మాట్లాడుకునే భాషలను గౌరవించి పెంపొందించాలని ఒక బోర్డుకు బాధ్యత అప్పగించి, ఆ భాషల పేర్లు రాశారు. జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, తెలుగు, ఉర్దూ.

తెలుగు. చెరకు తోటలో కొరడా దెబ్బలు తిన్న మనుషుల భాష, ఇంకో ఖండపు రాజ్యాంగంలో పేరుపెట్టి ఉంది. చార్టర్ రెండో అంశంలో అన్ని జనాలకూ తమ భాష వాడుకునే హక్కు, తమ ఆచారాలు నిలుపుకునే హక్కు సమానమని 1955లోనే రాశారు. అది 41 ఏళ్లు ప్రయాణం చేసి ఈ సెక్షన్‌కు చేరింది. నేను ఆ పేజీ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

నెరవేరిన మాటలు ఇంకా ఉన్నాయి. ఓటు వచ్చింది. పాసుపుస్తకాలు పోయాయి. వైద్యం అందరికీ ఉచితంగా, తల్లులకూ చంటిపిల్లలకూ ప్రత్యేక శ్రద్ధతో అందాలని చార్టర్‌లో ఉంది. 1994 మేలో అధ్యక్షుడిగా చేసిన మొదటి ప్రసంగాల్లోనే గర్భిణులకూ ఆరేళ్ల లోపు పిల్లలకూ ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం ఉచితమని మండేలా ప్రకటించారు. లక్షల ఇళ్లు కట్టారు. నివాసం, వైద్యం, తిండి, నీళ్లు, చదువు హక్కులుగా రాజ్యాంగంలోకి ఎక్కాయి. మన రాజ్యాంగంలో ఇలాంటివి చాలావరకు ఆదేశిక సూత్రాల్లో ఉండిపోయాయి. వాళ్లు కోర్టుకు వెళ్లి అడిగే వీలు కల్పించారు.

వెళ్లి అడిగారు కూడా. ఐరీన్ గ్రూట్‌బూమ్ అనే మహిళ, కేప్‌టౌన్ దగ్గర వాలస్‌డీన్‌లో రేకుల పాకల్లో ఉండేవారు. నీళ్లు, మురుగుకాలువ లేని చోటు నుంచి పక్క ఖాళీ స్థలంలోకి మారితే అక్కడి నుంచి పాకలు పీకి తరిమేశారు. వందలమందితో కలిసి కేసు వేస్తే 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చింది. నిలువ నీడ లేనివాళ్లను వదిలేసిన గృహ పథకం రాజ్యాంగానికి తగదని చెప్పింది. ప్రపంచంలోని లా కాలేజీల్లో ఆ తీర్పు పాఠంగా చెప్తారు. 2008లో ఐరీన్ చనిపోయారు. అప్పటికీ పాకలోనే ఉన్నారు.

భూమి మాట ఇంకా కష్టం. 1994 తర్వాత అయిదేళ్లలో 30 శాతం సాగుభూమి పంచుతామన్నారు. అమ్మేవాడికి ఇష్టమైతే, కొనేవాడి దగ్గర డబ్బుంటే అన్న పద్ధతి పెట్టుకున్నారు. ఆ పద్ధతిలో పంచడం ఎలా అవుతుందో మా ఊళ్లో ఏ కౌలురైతునడిగినా చెప్తాడు. 2017 ప్రభుత్వ లెక్కలో వ్యక్తుల పేరిట ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం తెల్లవారి చేతిలో ఉంది. జనాభాలో వాళ్లు పదో వంతు కూడా లేరు. గనులు, బ్యాంకుల సంగతి చెప్పనక్కర్లేదు. 1990 జనవరిలో జైలు నుంచే జాతీయం చేస్తామన్న మండేలా, 1992లో దావోస్ వెళ్లొచ్చాక ఆ మాట వదిలేశారు. 2013లో పుట్టిన జూలియస్ మలేమా పార్టీ అదే అంశాన్ని పట్టుకుని, చార్టర్‌కు అసలు వారసులం మేమేనంటోంది. 2015లో ఫీజుల మీద రోడ్డెక్కిన విశ్వవిద్యాలయ విద్యార్థులు చదువు తలుపుల వాక్యాన్ని అట్టల మీద రాసుకొచ్చారు. రాసినవాళ్ల పార్టీనే, రాసిన కాగితం చూపించి నిలదీశారు. 2024 ఎన్నికల్లో ఏఎన్‌సీకి 40 శాతం ఓట్లు వచ్చాయి. 1994 తర్వాత మొదటిసారి మెజారిటీ పోయింది.

నా దృష్టిలో తప్పెక్కడంటే, అడగటం ఆపేశారు. 1955లో గుమ్మం గుమ్మానికీ వెళ్లి నీకేం కావాలని అడిగిన ఉద్యమం, అధికారంలోకి వచ్చాక ఆఫీసు బల్ల వెనక కూర్చుంది. జనం మళ్లీ దరఖాస్తులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. పత్రంలోని ఒక్క వాక్యం కూడా పాతబడలేదు. దాన్ని రాసిన పద్ధతిని మాత్రం మర్చిపోయారు.

క్లిప్‌టౌన్ మైదానాన్ని 2005లో, చార్టర్‌కు యాభై ఏళ్లు నిండిన రోజున, వాల్టర్ సిసులు పేరిట పెద్ద కూడలిగా మార్చారు. ఇటుకలతో కట్టిన శంకువు ఆకారపు గోపురం లోపల గుండ్రటి రాతి చక్రం ఉంది. దాన్ని పది భాగాలు చేసి, పది అంశాలూ చెక్కారు. పైకప్పులో ఇంటూ గుర్తు ఆకారంలో సందు వదిలారు. బ్యాలెట్ కాగితం మీద పెట్టే గుర్తది. ఎండ దాంట్లోంచి పడుతుంది. నేను వెళ్లిన వేళకు వెలుగు గోడ మీద ఉంది. చుట్టూ తిరుగుతూ పది అంశాలూ చదివాను. మా అబ్బాయి, "అమ్మా, ఇంక చాలు" అన్నాడు. ఇళ్ల అంశం దగ్గర రెండోసారి ఆగాను.

బయటికొస్తే రైలుపట్టాలు, వాటి మీద కాలినడక వంతెన. అవతల రేకుల పాకలు. ఒక కొళాయి దగ్గర ఏడెనిమిది బిందెలు, ప్లాస్టిక్ డబ్బాలు వరసలో ఉన్నాయి. మరుగుదొడ్లు పది ఇళ్లకు కలిపి ఒకటన్నట్టు వీధి చివర పెట్టిన ప్లాస్టిక్ డబ్బా గదులు. చార్టర్ పుట్టిన చోటుకు పట్టాల అవతల ఉన్న మనుషులు వీళ్లు. నీళ్లు పడుతున్న ఒకామెను మా అబ్బాయి ఇంగ్లిష్‌లో పలకరించాడు. ఇల్లు కోసం పేరు రాయించుకుని ఎన్నాళ్లయిందని అడిగితే ఆమె వేళ్లు చూపించింది. రెండు చేతులూ తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. ఇరవై ఏళ్లు.

2021 జులై అల్లర్ల తర్వాత ఆ కూడలిని దోచేసి పాడుబెట్టారని వార్తల్లో చదివాను. 2024లో యునెస్కో, మండేలాకు సంబంధించిన పోరాట స్థలాలతో కలిపి దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండు వార్తలూ ఒక్క చోటి గురించే.

మన పిల్లలు ఇప్పుడు జొహన్నెస్‌బర్గ్‌లో చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులు వెళ్తుంటారు, సింహాలను చూసొస్తారు, కేప్‌టౌన్ కొండెక్కి ఫోటోలు దిగుతారు. ఒక పూట క్లిప్‌టౌన్‌కు కేటాయించండి. అక్కడి వాళ్లను తోడు తీసుకుని పగటిపూట వెళ్లండి. చక్రం మీద ఉన్న పది అంశాలూ చదవగలిగితే చదవండి, లేదంటే ఇంటి దగ్గరే చదువుకుని వెళ్లండి. తర్వాత ఆ కాలినడక వంతెన దాటి అవతలికి కూడా వెళ్లండి.